ఆర్డిస్ హాట్‌డిష్‌లో చివరి ముక్క

నార్డ్‌బీ ఊళ్ళో చివరి ముక్క ఎవరూ తినరు. తినకూడదని పాస్టరు ఏనాడూ చెప్పలేదు, ఎక్కడా రాసిపెట్టి లేదు. కానీ చర్చి కింది హాల్లో బల్లల మీద గిన్నెలు పరిచి, ఊరంతా పళ్ళేలు పట్టుకుని వరసలో నడిచినప్పుడు, ఏ గిన్నెలోనైనా ఒకే ముక్క మిగిలిందంటే, చూసినవాడు దాన్ని గరిటెతో రెండు చేసి సగమే వేసుకుంటాడు. వెనకవాడు ఆ సగంలో సగం. వాడి వెనకావిడ అందులో సగం తీసుకుంటూ "అబ్బే, నాకసలు ఆకలే లేదు" అని కూడా అంటుంది. చివరికి గోరంత మిగులుతుంది. దాన్ని ఎవరూ ముట్టరు. ఈలోగా వండి తెచ్చిన ఇల్లాలు, గిన్నె ఖాళీ అయితే కడుక్కుని ఇంటికి పోదామని, కోటు చేత పట్టుకుని గోడవారగా నిలబడి ఉంటుంది.

ఆర్డిస్ థోర్‌స్టాడ్ అలా నిలబడి నిలబడి మోకాళ్ళు అరగదీసుకుంది.

ఆవిడ తెచ్చేది ఎప్పుడూ ఒకటే. కీమా వేయించి, దాని మీద విల్లో కెటిల్ కంపెనీ పుట్టగొడుగుల సూపు డబ్బా బోర్లించి, పైన బంగాళాదుంప ఉండలు బారులు తీర్చి, ఓవెన్‌లో ఎర్రగా కాల్చిన హాట్‌డిష్. పెళ్ళయినా, చావయినా, కోతలు ముగిసినా ఆ ఊరి భోజనం అదే. డబ్బా మీద "ఇంకేమీ కలపక్కర్లేదు" అని ముద్ర వేసి ఉంటుంది. ఆర్డిస్ అచ్చయిన మాటని నమ్మే మనిషి. ఇంకేమీ కలిపేది కాదు. గిన్నెలు తారుమారు కాకుండా అడుగున తెల్లపట్టీ అంటించి ఆవిడ పేరు రాసిపెట్టింది మాత్రం భర్త వెర్లిన్.

ఆ వంటకి ఊళ్ళో మంచి పేరు. మంచి పేరంటే, తిన్నవాళ్ళు "పర్లేదు" అనేవాళ్ళు. నార్డ్‌బీలో పర్లేదు అన్నారంటే ఆపైన ఇంక మెట్టు లేదు. మనవడు పుడితే పర్లేదు, గోధుమ విరగపండితే పర్లేదు. పెళ్ళినాడు తెల్ల గౌనులో వచ్చిన ఆర్డిస్‌ని చూసి వెర్లిన్ అన్నదీ అదే మాట. ఆవిడ దాన్ని ఇన్నేళ్ళూ జాగ్రత్తగా దాచుకుంది.

ఆ ఏడు కోతల విందుకి ముందు, చర్చి వంటగది పెత్తనం చూసే డెలోరిస్ ఒక కబురు మోసుకొచ్చింది.

"సూపు కంపెనీవాళ్ళు పోటీ పెట్టారే ఆర్డిస్. మనం మన సూపుతో వండుకుని తింటున్నట్టు వీడియో తీసి వాళ్ళ పేజీలో పెట్టాలట. బాగుంటే చేతులకి వేసుకునే ఓవెన్ తొడుగులు పంపిస్తారట."

"మనం తింటే వాళ్ళకేం లాభం?"

"నటుల్ని పెడితే డబ్బులివ్వాలి కదా. నువ్వయితే ఎలాగూ ఊరికే తింటావు."

విందు అయింది. అందరూ పై మెట్ల దగ్గర సెలవు తీసుకుంటున్నారు. నార్డ్‌బీలో సెలవు తీసుకోవడానికి భోజనమంత సేపు పడుతుంది. కింద హాల్లో మిగిలింది మొగుడూ పెళ్ళామూ, గిన్నెలో ఆ గోరంత ముక్క. వీడియో తీసే ఫోను ఇంట్లో వెర్లిన్‌కే ఉంది. అది పట్టుకుని ఆర్డిస్ గిన్నె పక్కన సూపు డబ్బా నిలబెట్టి తీస్తూ ఉంది. అప్పుడు వెర్లిన్ వచ్చాడు. అటూ ఇటూ చూడలేదు. చెంచా తీసుకుని ఆ ముక్కని అడుగంటా గీకి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. గిన్నె చేతికి తీసుకున్నాడు.

"ఉప్పు తగ్గింది ఆర్డిస్" అన్నాడు. "నువ్వలా కూర్చో. గిన్నె నేను కడుగుతా."

ఆవిడ మోకాళ్ళని అతను చాలాసేపటి నుంచి చూస్తున్నాడని ఆవిడకి అప్పుడు తెలిసింది. అంతకు ముందు ఎప్పుడూ ఉప్పు మాట అనలేదు, చివరి ముక్కా ముట్టలేదు. రెండూ ఒకేసారి చేశాడు. ఆర్డిస్ కూర్చుంది. ఇంటికెళ్ళి ఆ వీడియోని ఎలా ఉన్నది అలా కంపెనీ పేజీలో పెట్టింది.

మర్నాడు జవాబు వచ్చింది. "హాయ్ ఆర్డిస్! నీ కథ చూసి మా గుండె కరిగిపోయింది! దీన్ని మావాళ్ళందరితో పంచుకోవచ్చా? అవును అని రాస్తే చాలు!"

నార్డ్‌బీలో ఎవరైనా కాఫీ ఇస్తామంటే రెండుసార్లు వద్దనాలి. మూడోసారీ అడిగారంటే మనసులోంచి అడిగినట్టు. అప్పుడు కూడా వద్దంటే అవమానించినట్టు. ఆర్డిస్ పద్ధతి తప్పే మనిషి కాదు. "అబ్బే, అంత గొప్పదేం కాదండి, వద్దులెండి" అని రాసింది. రెండోసారి అవే ముక్కలు, అదే గుండె కరగడం. "మీకెందుకండీ శ్రమ" అని రాసింది. మూడోసారీ వచ్చింది.

"మూడోసారీ అడిగారు వెర్లిన్, ఎంత మర్యాదస్తులో చూడు."

"మనుషులేనంటావా?"

"మరి? పేరు పెట్టి పిలుస్తుంటే."

అవును అని రాసింది. అవును అన్న మాట కనబడేదాకా అడుగుతూనే ఉండమని నేర్పిన యంత్రం అది. దానికి కావాల్సింది దొరికింది, ఇంక కబురు లేదు. ఓవెన్ తొడుగులు కూడా రాలేదు.

ఆ చలికాలంలో వెర్లిన్ పోయాడు. వాకిట్లో మంచు తోస్తూ తోస్తూ పార మీద వాలి ఆగాడు. అలసట తీర్చుకుంటున్నాడనుకుని ఆర్డిస్ కిటికీలోంచి చూస్తూ కాఫీ పెట్టింది.

అంత్యక్రియలకి ఊరు ఊరంతా హాట్‌డిష్‌లు తెచ్చింది. ఫ్రీజర్ తలుపు మూతపడకుండా పోయింది. తరవాత ఆవిడ అతని పనిబట్టలు ఉతికి ఎవరికైనా ఇద్దామని మెషిన్లో వేసింది. జేబులు చూడలేదు. మగవాళ్ళ జేబులు వెతికి మేకులూ కాగితాలూ తీసి వేయడం ఇన్నేళ్ళ అలవాటు. ఆ ఒక్కరోజూ ఆ జేబుల్లో చెయ్యి పెట్టలేకపోయింది. మెషిన్ ఆగాక తడి బట్టల మధ్య అతని ఫోను, శుభ్రంగా, నల్లగా, చచ్చి దొరికింది.

ఇంక అతని గొంతు మిగిలింది సూపు కంపెనీ పేజీలోనే. ఆర్డిస్ కొత్త ఫోను కొనుక్కుని రోజూ పొద్దున కాఫీ పక్కన పెట్టుకుని ఆ పేజీ తెరిచేది. వేలమంది తింటున్నారు అందులో. వెర్లిన్ ఎక్కడో అడుగున ఉన్నాడు. ఎవరెవరి పిల్లలో సూపు ఒలకబోసుకోవడం, ఎవరి కుక్కో గిన్నె నాకడం దాటుకుంటూ వెళితే వస్తాడు. వచ్చి, ఉప్పు తగ్గిందని చెప్పి, కూర్చోమని వెళ్ళిపోతాడు. కాఫీ చల్లారిపోయేది.

మంచు కరిగిన వారం పోటీ ముగిసిందని పేజీ తీసేశారు. అదే వారం టీవీలో వెర్లిన్ కనబడ్డాడు.

గంతులేసే పాట ఒకటి వెనక వేశారు. గోరంత ముక్కని తెర నిండా అరచేయంత చేశారు. వెర్లిన్ చెంచాతో గీకి నోట్లో వేసుకుంటాడు, గిన్నె లాక్కుంటాడు, అంతే. మీద పెద్ద అక్షరాలు: "చివరి ముక్క నాదే! నిజమైన మనుషులు. నిజమైన ఆకలి. విల్లో కెటిల్." మాటలు లేవు. కోసేశారు.

ఊరు ఏమీ అనలేదు. నార్డ్‌బీ ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. ధాన్యం గోదాం పక్క కాఫీ దుకాణంలో, వెర్లిన్‌తో చిన్నప్పటి నుంచి తిరిగిన ఓర్విల్ తన కప్పులోకి చూస్తూ అన్నాడట: "మా వెర్లిన్‌లా లేడే."

"వెర్లినే. టోపీ చూడు."

"టోపీ అతనిదే. అంత ముక్క తీసుకున్నాడే మరి?"

"ఆఖరిది."

"ఆఖరిదే." కప్పు కింద పెట్టి, "పోయినవాడి గురించి మనకెందుకులే" అన్నాడట. ఆ దుకాణంలో అంతకంటే కఠినమైన మాట ఎవరూ ఎవర్నీ అనలేదు.

వంటగదిలో డెలోరిస్ గిన్నెలు తుడుస్తూ మెల్లిగా అడిగింది. "ఆకలి మీద ఉన్నాడేమోనే ఆ పూట?"

"ఆకలీ కాదు, ఏమీ కాదు. తినేసి, 'నువ్వు కూర్చో, గిన్నె నేను కడుగుతా' అన్నాడు. నేను నిలబడలేకపోతున్నానని. ఆ మాటలు కోసేశారు."

"అంతేనా అన్నది? ఇంకేమీ అనలేదా?"

ఆర్డిస్ పళ్ళెం ఒకటి తీసి బాగా తుడిచింది. "ఇంకేమంటాడు?"

కంపెనీ ఒకచోట కోస్తే ఆర్డిస్ ఇంకోచోట కోసింది. తన హాట్‌డిష్‌లో ఉప్పు తగ్గిందన్న మాట తన నోటితో ఊళ్ళో చెప్పుకోవడం ఆవిడ వల్ల కాలేదు. డెలోరిస్ నమ్మినట్టే తలూపింది. మొగుడు పోయిన మనిషి ఏదో ఒకటి చెప్పుకుంటుందిలే అన్నట్టు ఊపింది.

అప్పటి నుంచి ఆర్డిస్‌కి ఒకటే పట్టుదల. వెర్లిన్ మిగతా ముక్క కావాలి. అతన్ని తిండిపోతని అనుకుంటున్నవాళ్ళకి చూపించడానికి సగం, పొద్దున్న కాఫీకి సగం. కంపెనీకి ఫోన్ చేస్తే, ఒకరు ఇంకొకరికి, వాళ్ళు వేరొకరికి అప్పజెప్పారు. హక్కుల విభాగం ఆవిడ అన్నది: "ఆ వీడియో ఇప్పుడు మాదండీ. మీరు దాన్ని చూడాలంటే మా అనుమతి కావాలి."

"మా ఆయనండీ అందులో ఉన్నది."

"అవునండీ, చాలా సహజంగా ఉన్నారు."

చివరికి మరీసా అనే పిల్ల ఫోన్ చేసింది. నిజమైన మనుషుల్ని వెతికి పట్టడం ఆ అమ్మాయి ఉద్యోగం. "మీ ఆయన స్టారండీ ఆర్డిస్. దేశమంతా చివరి ముక్క లాక్కుంటూ వీడియోలు పెడుతున్నారు. మీ ఊరొచ్చి రెండోది తీద్దామనుకుంటున్నాం. అదే హాలు, అదే గిన్నె, చివరి ముక్క కోసం అందరూ కొట్లాడుకోవాలి."

"ఇక్కడ ఎవరూ కొట్లాడుకోరమ్మా."

"అదేనండీ, సహజంగా కొట్లాడితే చాలు."

"ముందు మా ఆయన వీడియో మొత్తం చూపించు. అప్పుడు వండుతాను."

"మీరు చూస్తుంటే మేం తీసుకోవచ్చా? మీ మొహం?" అని అడిగింది మరీసా. ఆ గొంతులో కాస్త సిగ్గు ఉందని ఆర్డిస్‌కి అనిపించింది. అందుకే సరేనంది.

రెండు బళ్ళ నిండా సామానుతో దిగారు. హాలు చూసి పెదవి విరిచారు. పోయినేడే చందాలేసుకుని కొన్న కొత్త కర్టెన్లు సహజంగా లేవట. అవి విప్పి, తమతో తెచ్చిన వెలిసిపోయిన గళ్ళ కర్టెన్లు కట్టారు. డెలోరిస్ చేత ఆవిడ సొంత ఏప్రన్ విప్పించి, అంచుకి పిండి పూసిన వేరే ఏప్రన్ కట్టబెట్టారు. పాస్టరుని చూసి, ఆయన పాస్టరులా లేడని పక్కకి నిలబెట్టారు.

"మీరు మీలాగే ఉండండి" అంది మరీసా అందరితో. "కాస్త ఎక్కువగా ఉండండి, అంతే."

హాట్‌డిష్ రుచి చూసి "అద్భుతం, నా జన్మలో తినలేదు" అంది. హాల్లో ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వంటలో ఏం తేడా చేసిందోనని పాస్టరు భార్య ఆర్డిస్ వైపు జాలిగా చూసింది.

తీయడం మొదలైంది. ముక్కలు తగ్గుతూ వచ్చాయి. చివరిది మిగిలింది. మరీసా చెయ్యి ఊపింది. ఓర్విల్ ముందుకొచ్చి, కెమెరాని చూసి, ముక్కని రెండు చేసి సగం వేసుకున్నాడు.

"మొత్తం తీసుకోవాలి సార్."

"నాకు చాలమ్మా ఇది."

డెలోరిస్ వచ్చి మిగిలిన సగంలో సగం. పాస్టరు భార్య అందులో సగం. "కొట్లాడండి" అంది మరీసా. "నువ్వు తీసుకో" అన్నాడు ఒకడు. "ఛ, నువ్వే తీసుకో" అన్నాడు రెండోవాడు. "లేదు లేదు, నువ్వే" అన్నాడు మొదటివాడు కొంచెం గట్టిగా. నార్డ్‌బీలో అంతకు మించిన కొట్లాట లేదు. ఇంకో గిన్నె తెచ్చారు. అదీ గోరంతయింది. కెమెరా కుర్రవాడు ఆకలేసి ఆ గోరంత తినబోతే, ఓర్విల్ అతని చెయ్యి పట్టుకుని, "బాబూ, మీ అమ్మానాన్నలు బాగున్నారా?" అని అడిగాడు. కుర్రవాడికి అర్థం కాలేదు గానీ చెంచా మాత్రం కింద పెట్టాడు.

విసిగిపోయిన మరీసా ఇంక ఏడుపైనా దక్కించుకుందామనుకుందో ఏమో, గోడకి తెర కట్టించింది. ఆర్డిస్‌ని ఎదురుగా కూర్చోబెట్టి, మొహం మీదికి లైటు తిప్పించింది. ఊరంతా వెనక నిలబడింది.

ఆర్డిస్‌కి అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఉప్పు మాట అందరి ముందూ వినబడుతుందని. కెమెరా ఉంటుందని తెలుసు. ఊరు ఉంటుందని అనుకోలేదు. ఆపమంటే ఆపేవాళ్ళే. వెనక్కి తిరిగి ఓర్విల్ మొహం చూసింది. టోపీ చేతిలో పట్టుకుని తెరకేసి చూస్తున్నాడు.

"వెయ్యమ్మా" అంది.

తెర మీద వెర్లిన్ వచ్చాడు. పాట లేదు. గిన్నెలో గోరంత ముక్క గోరంతగానే ఉంది. దాన్ని చూడగానే వెనక ఎవరో ఊపిరి వదిలారు. చెంచా గీకిన చప్పుడు. నమలడం. తరవాత హాలంతా నిండేలా ఆ గొంతు.

"ఉప్పు తగ్గింది ఆర్డిస్. నువ్వలా కూర్చో. గిన్నె నేను కడుగుతా."

తెర నల్లబడింది. లైటు ఆర్డిస్ మొహం మీదే ఉంది. ఆవిడ ఏడవలేదు. మెడ దాకా ఎర్రబడి ఒళ్ళోకి చూసుకుంటూ ఉంది.

డెలోరిస్ ఆ పిండి ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది.

"కొంచెం తగ్గుతుందే, నిజం చెప్పాలంటే."

"ఎప్పటి నుంచి?" అంది ఆర్డిస్ తలెత్తకుండా.

"మా అబ్బాయి పెళ్ళిలోనూ తగ్గింది."

"వాడి నామకరణంలోనూ" అన్నాడు ఓర్విల్.

"పర్లేదన్నారుగా అందరూ."

"పర్లేదులే. ఉప్పే తగ్గింది." ఓర్విల్ వంటగదిలోకి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చాడు. మిగిలిన గిన్నె దగ్గర నిలబడి చల్లాడు. పక్కవాడికి అందించాడు. డబ్బా హాలంతా తిరిగింది. పాస్టరు వంతు వచ్చేసరికి ఆయన మూత విప్పి పోసుకున్నాడు. ఎవరో నవ్వారు. ఆర్డిస్ కూడా నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా, వెర్లిన్ పోయాక మొదటిసారి.

"ఇన్నేళ్ళలో ఊరంతటికీ నోరున్నది ఒక్క మావాడికే" అన్నాడు ఓర్విల్. వెళ్ళి, ఎవరూ ముట్టని గోరంత ముక్క చెంచాతో గీకి నోట్లో వేసుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఈసారి అనకపోవడం వేరు. ఆ గిన్నె పట్టుకెళ్ళి, అడుగున పట్టీ తడవకుండా చూసుకుంటూ, కుళాయి కింద కడిగాడు.

మరీసా కెమెరా కుర్రవాడి చెవిలో "ఇదంతా వచ్చిందా?" అని అడగడం ఆర్డిస్ విన్నది.

"వచ్చింది. కానీ మన సూపులో ఉప్పు లేదని ఊరంతా చెప్తోందే."

"నిజమైన మనుషులు కదా" అంది మరీసా నీరసంగా. మొదటి ప్రకటనలో వెర్లిన్ మాటలు పైవాళ్ళు కోయించిందీ ఆ ఉప్పు వల్లే. గిన్నె కడుగుతానన్నది దానితోపాటు పోయింది.

వెళ్ళేముందు ఆ పిల్ల ఆర్డిస్ పక్కన కూర్చుని, ఆవిడ ఫోన్లోకి వీడియో మొత్తం పంపింది. "నేనిచ్చానని అనకండి."

"కాఫీ తాగి వెళ్ళమ్మా."

"వద్దండీ."

"తాగమ్మా."

"వద్దండీ, ఆలస్యమవుతుంది."

"కాస్త తాగు."

తాగింది. నేర్చుకుంటోంది అనుకుంది ఆర్డిస్.

ఇప్పుడు పొద్దున్నపూట వెర్లిన్‌ని చూడాలంటే ఎవరి పిల్లల్నీ, ఎవరి కుక్కల్నీ దాటక్కర్లేదు. నేరుగా వస్తాడు. టీవీలో పాత ప్రకటన ఇంకా వస్తూనే ఉంది, ఊళ్ళో దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఆవిడ హాట్‌డిష్‌లో ఉప్పు వేస్తోంది. రెండుసార్లు ఎక్కువయిందని డెలోరిస్ మొహం మీదే చెప్పింది. అది మాత్రం ఆర్డిస్‌కి ఇంకా అలవాటు కాలేదు.

ఒక పొద్దున కాఫీ తాగుతుంటే ఫోను మోగింది. "హాయ్ ఆర్డిస్! ఉప్పు డబ్బాతో మీ ఊరి నవ్వులు చూసి మా గుండె కరిగిపోయింది! దీన్ని మావాళ్ళందరితో పంచుకోవచ్చా? అవును అని రాస్తే చాలు!"

వద్దు అని రాసింది. కప్పు కడిగి వచ్చేసరికి మళ్ళీ కరిగింది గుండె. వద్దు అని రాసింది. మర్నాడు మూడోసారి అడిగింది.

మూడోసారి కూడా వద్దనడం ఆ ఊళ్ళో ఎవరికీ అలవాటు లేదు. ఆర్డిస్ చాలాసేపు ఫోను పట్టుకుని కూర్చుంది. తరవాత "వద్దు" అని రాసి, అవతల మనిషి ఉన్నా లేకపోయినా తెలియాలని, కింద తన పేరు కూడా పూర్తిగా రాసింది.